మునిరత్నం బండి రెండో గేరు

కరోనా సద్దుమణిగి షోరూములు మళ్ళీ పూర్తిగా తెరిచిన ఏడాది, ఆషాఢ మాసంలో నన్ను తిరుపతి టెరిటరీకి వేశారు. ఆషాఢంలో మా వైపు కొత్త బండి కొనేవాళ్లు తక్కువ. అమ్మకాలు లేని నెలలో మనిషిని మారిస్తే ఎవరికీ నష్టం లేదని కంపెనీ లెక్క. అంగళ్ల వీధిలో పుట్టినవాణ్ణి గనక ఆ లెక్క ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. రిటైరయ్యే ముందు అదే నా ఆఖరి పోస్టింగు.

నా హోదా టెరిటరీ సర్వీస్ మేనేజర్. పేరు చూసి పెద్దగా ఊహించుకోవద్దు. మోటార్ సైకిళ్లు చేసే కంపెనీకి, అమ్మే డీలరుకు, కొన్న మనిషికి మధ్య నిలబడి ముగ్గురిచేతా మాట పడే ఉద్యోగం. డీలరు వర్క్‌షాపులో మెకానిక్కులుంటారు, వాళ్లపైన సూపర్‌వైజరు, ఆయనపైన వర్క్స్ మేనేజరు. వాళ్లకెవరికీ కొరుకుడు పడని బండి నా దగ్గరికి వస్తుంది. వారంటీలో ఉన్న బండికి పెద్ద భాగం ఏదైనా మార్చాలంటే నా సంతకం పడాలి. మా నాయన చిత్తూరులో పాత్రల అంగడి నడిపాడు. నేను చదువుకుని, టై కట్టుకుని చేసింది కూడా ఇంచుమించు అదే. గల్లాపెట్టె మాత్రం నా ముందు లేదు.

తిరుపతిలో మొదటి ఇబ్బంది బండ్లతో రాలేదు, గదితో వచ్చింది. అక్కడి లాడ్జీల్లో ఒంటరి మనిషికి గది ఇవ్వడానికి జంకుతారు. కుటుంబాలు వస్తాయి, గుండ్లు కొట్టించుకుంటాయి, కొండెక్కి దిగి పోతాయి. ఒక్కడే వచ్చినవాడు లోపల గడియ పెట్టుకుంటే మళ్ళీ తీస్తాడో లేదోనని వాళ్ల భయం. నా భార్య పోయి అప్పటికి రెండేళ్లు. "ఒక్కరేనా సార్?" అని కౌంటరులో అడిగితే కంపెనీ ఉత్తరం తీసి చూపించాను. గది ఇచ్చారు. నెలవారీ అద్దె దగ్గర గంటసేపు బేరమాడి తగ్గించుకుని, గెలిచినవాడిలా మెట్లెక్కాను. తలుపు తీశాక తెలిసింది, ఆ గదికి కిటికీ లేదు. అప్పుడుగాని అద్దె అంతగా ఎందుకు తగ్గించాడో నాకు బోధపడలేదు.

మునిరత్నం బండి సంగతి ఆ తర్వాత నెలలో వచ్చింది. చిత్తూరు డీలరు దగ్గర వర్క్స్ మేనేజరు సుధాకర్ అని నెమ్మదైన మనిషి. ఫోన్ చేసి, ఒక పెద్దాయన మూడోసారి అదే ఫిర్యాదుతో వచ్చాడని, గేర్‌బాక్స్ ఒకసారి విప్పి భాగాలు మార్చినా తృప్తి లేదని, నేను రావాల్సిందేనని చెప్పాడు.

ఆ షోరూములో ఒక పద్ధతి ఉండేది. యజమాని భక్తిపరుడు. కొత్త బండికి పూజ చేసి తాళం ఇచ్చే వేదిక లోపలే ఉండటంతో, వచ్చినవాళ్లెవరైనా గడప బయట చెప్పులు విడిచి రావాలి. మా వైపు జనానికి అది వింతగా తోచదు. బండిని ముట్టుకునే ముందు చెప్పులు విడిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వెనక వర్క్‌షాపులో పనిచేసేవాళ్లకు మాత్రం రక్షణ బూట్లుంటాయి. నా జత కూడా అక్కడే పెట్టుకునేవాణ్ణి.

మునిరత్నం వయసు అరవై దాటింది. పలమనేరు అవతల చేని దగ్గర ఇల్లు. భార్య లేదు, పిల్లలు లేరు. ఆయనతో వచ్చిన యువకుడు తమ్ముడి కొడుకు చెంగల్రాయుడు, ఊళ్లో వేరే ఉంటాడు. నేను కుర్చీలో కూర్చోకముందే పెద్దాయన మొదలుపెట్టాడు.

"సార్, రెండో గేర్లో ఎత్తు ఎక్కతా ఉంటానా, మలుపుకాడ పుటుక్కున జారిపోతాది. ఇంజను ఊరికే అరస్తాది, బండి ముందుకు పోదు. వెనక్కి దొర్లతాది. ఒగసారి పడినాను గూడా."

"ఆయన నడిపితేనే జారతాది సార్," అన్నాడు చెంగల్రాయుడు. "నేను నెలనుంచి నడపతా ఉండాను. నాకు ఒగసారి గూడా జారలే. పెదనాయనకు వయసయిపాయ, ఒప్పుకోడు."

"నోరు ముయ్యరా. సారుకు చెప్పేదానికి వచ్చింది నేను."

విషయం అది. ఆయన పడ్డ రోజున తమ్ముడి కొడుకు బండి తాళం తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. బండిలో లోపం ఉందని తేలితే తిరిగి ఇస్తాడు. లేదని తేలితే ఇవ్వడు. చేని నుంచి టౌనుకు బస్సు లేదు. పొద్దున్నే టౌనుకు పోయి, టీ అంగడి దగ్గర నలుగురితో కూర్చుని, టమాటా ధర విని వాదించి రావడమే పెద్దాయనకు మిగిలిన లోకం. ఆ నెల రోజులుగా ఆయన చేని దగ్గరే ఉన్నాడు. "మాట్లాడేదానికి ఆవు ఉండాది సార్," అన్నాడు నాతో. "అది అన్నిటికీ తల ఊపతాది. వాదానికి రాదు."

నేను నవ్వాను. లోపల మాత్రం నా అంగడి బుద్ధి తన పని తాను చేస్తూనే ఉంది. మూడుసార్లు వచ్చాడంటే కొత్త బండి కోసం గట్టిగా కూర్చున్నాడు, ఇంజనుతో సరిపెట్టుకునేదాకా దిగుతాడు, గేర్‌బాక్స్ దగ్గర ఆపాలి అని అంచనా వేసుకున్నాను.

మా పరీక్షకు ఒక వరస ఉంటుంది. ముందు సులభమైనవి. క్లచ్ కేబులు మరీ బిగువుగా ఉందా, వదులుగా ఉందా. ఇంజను ఆయిలు మట్టం. కాలితో తొక్కే లివరు వంగిందా, దాని కీలులో లూజుందా. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయి. తర్వాత బండి నడిపి చూడటం. మొగిలి ఘాట్ దాకా పోదామన్నాను. వర్క్‌షాపు వెనక గేటు నుంచి బండి తీశారు. పెద్దాయన ముందు, నేను వెనక. దారి పొడవునా ఆయన భుజం మీదుగా ఒంగి ఎడమకాలినే చూస్తూ కూర్చున్నాను. మునివేళ్లు లివరు కింద, పాదం ఫుట్‌రెస్ట్ మీద, డ్రైవింగ్ బడిలో నేర్పినట్టు పెట్టాడు. మలుపులన్నీ ఎక్కాం. ఒక్కసారి కూడా జారలేదు.

దిగాక ఆయన ముఖం చూడలేకపోయాను. పరీక్షలో ప్రశ్నలన్నీ వచ్చిన పిల్లవాడు ఏడుపు ముఖం పెట్టడం నేనెక్కడా చూడలేదు, అక్కడ చూశాను.

"జారాల్నే," అన్నాడు. "ఎందుకు జారలే?"

గేర్‌బాక్స్ విప్పించాను. మా బండ్లలో మొదటి గేరు కిందికి, మిగిలినవి పైకి. మొదటిదానికీ రెండోదానికీ నడుమ న్యూట్రల్. లివరుకు ముందొక పలక, వెనకొక పలక ఉంటాయి. ముందు పలకను వేళ్లతో తొక్కితే గేరు తగ్గుతుంది, వెనక పలకను మడమతో తొక్కితే పెరుగుతుంది. లోపల ఒక గేరు పక్కనున్న పళ్లు ఇంకో గేరు గుంటల్లో దూరి పట్టుకుంటాయి; వాటిని అటూ ఇటూ జరిపేది ఫోర్కు అనే రెండు కొమ్ముల ఇనుప ముక్క. పెద్దాయన పడకముందే సుధాకర్ మార్చిన ఫోర్కు కొత్తది. ఆ కొత్తది కూడా ఒకే పక్క అరిగి, కొమ్ము కొస వేడికి నీలంగా మారి ఉంది. తీసేసిన పాతదాన్ని వారంటీ అలమర నుంచి తెప్పించి పక్కన పెడితే, రెండూ ఒకే తీరుగా అరిగాయి.

భాగం మారినా అరుగుదల మారలేదంటే లోపం భాగానిది కాదు. ఎవరో లివరును బలంగా తొక్కకుండా, వదిలెయ్యకుండా, ఎప్పుడూ కొద్దిగా నొక్కి ఉంచుతున్నారు. రెండో గేరులో ఉన్నప్పుడు ముందు పలకను సగం నొక్కితే న్యూట్రలే. ఎత్తులో యాక్సిలరేటర్ తిప్పి పట్టినంతసేపు పళ్లు ఒకదాన్నొకటి బిగించుకుని ఉంటాయి; మలుపు దగ్గర కాస్త వదలగానే జారిపోతాయి. ఆయన చెప్పింది అక్షరాలా అదే. కాని నా కళ్లముందు ఆయన లివరును నొక్కలేదు.

జాబ్ కార్డులో రాయడానికి మాకు ఒక మాట ఉంది: ఫిర్యాదు గమనించబడలేదు. ఎవరినీ అబద్ధాలకోరు అనకుండా అబద్ధాలకోరు అనడానికి పనికొచ్చే మాట. అది రాయబోతుంటే పెద్దాయన బల్ల దగ్గరికి వచ్చాడు. నేను మనసులో కొత్త బండి మాట కోసం ఎదురుచూస్తున్నాను.

"నాకు బండి వద్దు, ఇంజనూ వద్దు. బండిదే తప్పని ఒగ కాగితం రాసియ్యండి సార్. చాలు."

"గేర్‌బాక్స్ మళ్ళీ మారుస్తాం."

"మార్చద్దు. రాసియ్యండి."

అరగంట తిప్పాను. ఆయన అడిగింది పెంచలేదు, తగ్గించలేదు. అంగడిలో పెరిగినవాడికి అది అన్నిటికన్నా భయం పుట్టించే బేరం. రెండో మాట లేని మనిషి నిజంగా అదే వస్తువు కోసం వచ్చాడన్నమాట. కార్డులో ఏమీ రాయకుండా, ఫోర్కు కొత్తది వేసి పంపించమని సుధాకర్‌కు చెప్పి తిరుపతి బస్సెక్కాను.

ఆ ఆదివారం పలమనేరు పోయాను. ఉద్యోగ ధర్మం అని చెప్పుకుంటే బాగుంటుంది. నిజానికి కిటికీ లేని గదిలో ఆదివారం గడవదు. లాడ్జి కింది హోటల్లో వెయిటరు మూడు పూటలా "ఒక్కరేనా?" అని అడిగి, నాలుగు కుర్చీల బల్ల నుంచి లేపి మూలకు పంపేవాడు. ఎవరో ఒకరు రమ్మన్న చోటికి పోదామనిపించింది; ఆ జిల్లా మొత్తంలో నన్ను రమ్మన్నవాడు మునిరత్నం ఒక్కడే. "ఈడ తిరిగితే రాదు సార్, మా పక్క వచ్చి సూడండి," అని వెళ్లేటప్పుడు అన్నాడు.

ముందే ఫోన్ చేస్తే చెంగల్రాయుడు బండితో బస్టాండుకు వచ్చి నన్ను చేని దగ్గరికి తీసుకుపోయాడు. కొత్త ఫోర్కుతో బండి వెన్నలా నడిచింది. పెద్దాయన చల్లగాలికి మఫ్లరు చుట్టుకుని ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. ఆవు నా వైపు చూసి తల ఊపింది.

"అదో, మీ మాట అప్పుడే ఒప్పుకునె సార్," అన్నాడు చెంగల్రాయుడు నాతో.

"తాళం ఈరా," అని పెద్దాయన చెయ్యి చాచాడు. నెల తర్వాత ఇంటి దగ్గర తాళం చేతికొస్తే ఆయన దాన్ని ఒకసారి తుండుతో తుడిచాడు. తర్వాత గుమ్మం పక్కనున్న నీలంరంగు చెప్పులు కాళ్లకు తొడుక్కున్నాడు.

మా నాయన నాకు నేర్పిన వ్యాపారం ఒకే ఒక్క మాట. "కొనేవాడి మొకం సూడొద్దురా, కాళ్లు సూడు. మొకం అబద్ధం చెప్తాది, పోయేవాడి కాళ్లు గడప దిక్కుకే తిరిగుంటాయి." ఆ మాట ఆ రోజు నాకు గుర్తొచ్చిందంటే అందులో నా తెలివేమీ లేదు. ఆ చెప్పులు అంత లావుగా ఉన్నాయి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు ఆసుపత్రిలో రాసిచ్చే మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు అవి, అట్ట రెండు వేళ్ల మందం. చిత్తూరు షోరూములో వాటిని ఆయన మూడుసార్లూ గడప బయట విడిచి లోపలికి వచ్చాడు. వెనక గేటు నుంచి ఘాట్‌కు వచ్చింది ఉత్త కాళ్లతో. ఆయన వెనకే కూర్చుని, కళ్లారా ఆ పాదాన్నే చూస్తూ పోయిన నాకు, చెప్పులు లేవన్న సంగతి తట్టలేదు. ఆ ఊళ్లో పుట్టినవాణ్ణి, గడప బయట చెప్పులు విడవడం నాకు కనిపించేంత కొత్త కాదు.

చేని దారి నుంచి ఎత్తు ఎక్కాం. మొదటి మలుపు దగ్గర ఆయన యాక్సిలరేటర్ కాస్త వదిలాడు. పుటుక్కుమంది. ఇంజను అరిచింది. బండి వెనక్కి దొర్లబోతే నేను రెండు కాళ్లూ నేలకు ఆనించాను.

"చూస్తిరా! చూస్తిరా సార్!" అని కేక పెట్టాడు. అంత సంతోషం ఆ గొంతులో అంతవరకు వినలేదు.

"దిగొద్దు. అట్లే ఉండండి," అన్నాను. "ఎడమ కాలు యాడుండాది?"

"ఫుట్‌రెస్ట్ మింద."

"సూడకుండా చెప్పినారు. సూసి చెప్పండి."

ఆయన కిందికి చూశాడు. లావు చెప్పు లివరు కింద దూరక, ముందు పలక మీద ఎక్కి కూర్చుంది. కాలి బరువంతా దానిమీదే ఉంది. ఆయన చాలాసేపు చూశాడు, ఎవరిదో కాలు తన బండి మీద పెట్టి పోయినట్టు.

అక్కడే గట్టు మీద కూర్చున్నాం. అప్పుడు చెప్పాడు. పాదాల్లో తిమ్మిరి మొదలై చాలా కాలమైంది. ఇప్పుడు తిమ్మిరి కూడా లేదు. దారిలో చెప్పు జారిపోయినా తెలియదట. "ఇంటికొచ్చి సూసుకుంటే ఒగటే ఉంటాది. రెండోదాన్ని ఎతుక్కుంటా మళ్ళా పోతాను. కుక్కలు గూడా నన్ను సూసి నవ్వతాయి." తమ్ముడి కొడుకుకు ఆ సంగతి తెలియదు. చక్కెర ఉందని మాత్రం తెలుసు.

లివరును ఇరుసు మీద గాట్లు బిగించి పట్టుకుంటాయి. బోల్టు వదులు చేసి, ఒక గాటు పైకి తిప్పి పెట్టవచ్చు. నా సంచిలో స్పానరు ఉంది. ఒక గాటు చాలలేదు, రెండు గాట్లు ఎత్తాను. చెప్పు హాయిగా కింద దూరింది. మళ్ళీ ఎక్కాం, దిగాం, మళ్ళీ ఎక్కాం. జారలేదు. నా పని ముగిసింది. లివరు అమరిక వాడకందారు పాదరక్షకు సరిపోలేదు, సరిచేయడమైనది అని రాస్తే అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. తప్పు బండిదే అన్నట్టే.

ఇంటికి వచ్చి కాగితం తీశాక నా చెయ్యి ఆగింది. గేరు తొక్కేది ఎడమ కాలు. వెనక బ్రేకు తొక్కేది కుడికాలు.

"కుడికాలు ఎట్లుండాది?" అన్నాను.

"అది శానా మేలు," అన్నాడు.

కళ్లు మూసుకోమని, పెన్ను మూతతో కుడి అరికాలు ఒత్తాను. "ఇంకా మొదులు పెట్టలేదా సార్?" అని అడిగాడు. మూత గుర్తు అరికాలిలో గుంటపడి ఉంది.

కళ్లు తెరిచి నా ముఖం చూసి గ్రహించాడు. చెంగల్రాయుడు దూరంగా ఆవుకు గడ్డి వేస్తున్నాడు. మునిరత్నం గొంతు తగ్గించాడు.

"మీరు గేరు సూసేదానికి వచ్చినారు. గేరు అయిపాయ. రాసిచ్చేసి పోండి సార్. బ్రేకు గురించి ఎవురడిగినారు మిమ్మల్ని?"

ముప్పై ఏళ్లలో అంత చక్కని బేరం నా ముందు ఎవరూ పెట్టలేదు. ఫిర్యాదు గేరు మీద. కార్డు గేరు మీద. నా అధికారం గేరు దాకానే. రాసిస్తే ఆయనకు తాళం, టీ అంగడి, నలుగురు మనుషులు. నాకు మూసిన ఫిర్యాదు.

"గేరు కాగితం ఇస్తా," అన్నాను. "అది మీకు రావాల్సిందే. బ్రేకు మాట మీరు చెప్పండి మీ అబ్బోడికి. నేను టీ తాగేలోపల చెప్పకపోతే నేను చెప్తా."

"టీ నేనే పెట్టాల గదా," అన్నాడు. "పెట్టకపోతే?"

"పెట్టిందాకా ఈడనే కూర్చుంటా. నాకు ఆదివారం పనేమీ లేదు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవురూ లేరా ఇంట్లో?"

"లేరు."

లేచి పొయ్యి వెలిగించాడు. టీ చాలాసేపు పెట్టాడు; మరిగి, సగమై, చేదెక్కింది. గ్లాసు నా చేతికిచ్చి, కాగితం అడిగి తీసుకున్నాడు. అక్షరం అక్షరం చదువుకుని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కేకేశాడు.

"ఒరే చెంగల్రాయా, ఇట్రా. సూసినావా, బండిలోనే ఉండె తప్పు. సారు రాసిచ్చినాడు." తాళం తీసి వాడి చేతిలో పెట్టాడు. "ఇంక నువ్వే పెట్టుకో. నా కాళ్లు రెండూ పనికి రావు. నేలమింద ఉండానో లేదో గూడా నాకు తెలీదు. నేను పడినా ఫరవాలే, ఎవురి బిడ్డనన్నా గుద్దితే?"

చెంగల్రాయుడు నా వైపు చూశాడు. తాళం పట్టుకున్న చెయ్యి అట్లాగే చాచి ఉంది. "నేను తోలుకపోతా పెదనాయనా, దినామూ," అన్నాడు.

"సూస్తాంలే," అన్నాడు పెద్దాయన.

బస్టాండులో నన్ను దింపి వాడు వెళ్లిపోయాడు. బస్సులో నా గడియారం మీద చూపు పడిన ప్రతిసారీ, చేని దగ్గర ఆయన ఇప్పుడు ఏం చేస్తుంటాడని లెక్కవేస్తూ తిరుపతి చేరాను.

ఆ శీతాకాలంలో సర్వీసుకు బండి తెచ్చిన చెంగల్రాయుడు చిత్తూరులో కనిపించాడు. వెనక ఎవరూ లేరు. మొదట్లో కొన్నాళ్లు పొద్దున్నే తీసుకుపోయాడట. తర్వాత పెద్దాయనే రానన్నాడు. "వాదం మంచి ఊపులో ఉండంగా నేను పోయి హారన్ కొడతానంట సార్. నాకు డ్యూటీ ఉండాది, ఏం చేసేది? ఇంగొకడి టైముకు లేచి వచ్చే దానికన్నా ఆవే మేలంటాడు. కాగితం మాత్రం ఎవురొచ్చినా తీసి చూపిస్తాడు." గేర్లు ఎలా ఉన్నాయని అడిగాను. వెన్నలా ఉన్నాయన్నాడు. లివరును మళ్ళీ రెండు గాట్లు కిందికి దించుకున్నాడట. వాడు మామూలు చెప్పులే వేసుకుంటాడు.

ఆ తర్వాత మా టెరిటరీ వర్క్‌షాపులన్నిటికీ ఒక సూచన పంపాను: గేరు ఫిర్యాదుతో వచ్చిన మనిషిని, రోజూ తొడిగే చెప్పులతోనే, రోజూ పోయే దారిలోనే నడిపించి చూడాలి. అది చాలా ఫిర్యాదులను తేల్చింది. చిత్తూరు షోరూము యజమాని గడప బయట చెప్పులు విడిచే రూలు మార్చలేదుగాని, టెస్టుకు పోయేవాళ్ల చెప్పులను వెనక గేటుకు తెప్పించే ఏర్పాటు చేశాడు. దాని వెనకున్న రెండో సంగతిని మాత్రం ఏ సూచనలోనూ రాయలేకపోయాను. వచ్చినవాడు గేరు ఒక్కటే అడుగుతాడు, మనకు అప్పజెప్పింది కూడా గేరు ఒక్కటే. మా నాయన కాళ్లు చూడమన్నాడు గాని, ఒక్క కాలే చూసి రమ్మనలేదు.